పాత జీపు, కొత్త ఇంజను, మధ్యలో గాలి

"ఇంజను మార్చాం గురూ, ఘాటెక్కితే మరిగిపోతోంది. ఈ మూడు వరసల కోరు పీకేసి నాలుగు వరసలది కట్టెయ్." పాత జీపు ఉన్నవాళ్లు రేడియేటర్ షాపుకెళ్లి మొదట అడిగేది ఇదే. కోరంటే రేడియేటర్ మధ్యలో నీళ్ల గొట్టాలు, వాటికి అతికిన సన్న రేకు ఫిన్నులు ఉండే భాగం; వరసలంటే ఆ గొట్టాల వరసలు. షాపతను అడిగినట్టే కట్టిస్తాడు. బండి వైజాగ్ నుంచి అరకు దారిలో శృంగవరపుకోట దాటి, బొడ్డవర దాటి, ఘాటెక్కడం మొదలెట్టగానే టెంపరేచర్ ముల్లు మళ్లీ ఎర్రగీత మీదికి పోతుంది. ఆ తర్వాత థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కాకే నీళ్లని రేడియేటర్‌కి వదిలే కవాటం) తీసి పక్కన పడేస్తారు. అదీ పనిచేయకపోతే బానెట్ వెనక వాషర్లు వేసి కాస్త ఎత్తుతారు. ఆఖరికి "ఈ ఇంజను ఈ బండికి పడదు" అనేస్తారు.

ఆ తీర్పుతో నాకు గట్టి పేచీ ఉంది. ఇంజను మార్చిన జీపు వేడెక్కుతోందంటే చాలావరకు లోపం కోరు సైజులో ఉండదు. కోరు గుండా పోవాల్సిన గాలి పక్క సందుల్లోంచి పోతూ ఉంటుంది, లేదా పోయిన గాలికి బయటికి దారి ఉండదు. నాలుగో వరసకి పెట్టే డబ్బులో కొంత రేకుకి, రబ్బరు బీడింగుకి పెడితే బండి చల్లగా నడుస్తుంది. ఇది ఊరికే అంటున్న మాట కాదు, లెక్క ఉంది.

సీజే-3బీ జీపుకి మొదట ఉన్నది 2.2 లీటర్ల హరికేన్ పెట్రోలు ఇంజను, సుమారు 72 హార్స్‌పవర్. మహీంద్రా ఎంఎం-540కి ఇచ్చింది 2112 సీసీ ప్యూజో డీజిలు, 62 హార్స్‌పవర్. ఇప్పుడు ఈ బళ్లలో ఎక్కువమంది పెట్టాలని చూసే 2.5 లీటర్ల సీఆర్‌డీఈ (కామన్ రైల్ టర్బో డీజిలు) ఇంజను, పాత థార్‌లో వచ్చింది, 105 హార్స్‌పవర్. చూడగానే "పవర్ ఒకటిన్నర రెట్లయింది, రేడియేటర్ కూడా ఒకటిన్నర రెట్లు కావాలి" అనిపిస్తుంది. కానీ పాత పెట్రోలు ఇంజను పూర్తి లోడు మీద, చక్రాలకి ఎంత శక్తి ఇస్తుందో దాదాపు అంతే వేడి నీళ్లలోకి వదులుతుంది. 72 హార్స్‌పవర్ అంటే సుమారు 53 కిలోవాట్లు, నీళ్లలోకి వేడి కూడా దాదాపు అంతే. టర్బో డీజిలు అలా కాదు. ఇచ్చే శక్తిలో మూడింట రెండు వంతులు, మహా అయితే నాలుగింట మూడు వంతులు మాత్రమే నీళ్లలోకి వెళ్తుంది. 105 హార్స్‌పవర్ అంటే 77 కిలోవాట్లు, అందులో నీళ్లకి చేరేది 50 నుంచి 58. అంటే పూర్తి లోడు మీద కూడా పాత పెట్రోలు రేడియేటర్ మోసిన బరువుకీ దీనికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా లేదు.

పైగా ఘాట్ మీద మనం పూర్తి లోడు వాడం. 1,600 కిలోల జీపు, 10 శాతం వాలు, గంటకి 30 కిలోమీటర్లు అనుకుందాం. వాలు ఎక్కడానికి, టైర్ల ఈడ్పుకి కలిపి చక్రాల దగ్గర కావలసింది 16 కిలోవాట్లు. గేర్లలో, డిఫరెన్షియల్లో పోయేది కలుపుకుంటే ఇంజను ఇవ్వాల్సింది 19 లేదా 20. తక్కువ లోడు మీద నీళ్లలోకి పోయే వంతు పెరుగుతుంది కాబట్టి ఎక్కువే వేసుకుందాం, అయినా ఆ వేడి కూడా సుమారు 20 కిలోవాట్లే. బయట గాలి 40 డిగ్రీలుండి, కోరు దాటేసరికి 70 అయితే, ఈ 20 కిలోవాట్లు మోసుకుపోవడానికి గంటకి సుమారు 2,100 ఘనపు మీటర్ల గాలి చాలు. 430 × 450 మిల్లీమీటర్ల కోరు మీద సెకనుకి మూడు మీటర్ల గాలి అన్నమాట. మంచి ఫ్యాను, మంచి ష్రౌడ్ (కోరు నుంచి ఫ్యాను చుట్టూ కట్టే రేకు తొడుగు) ఉంటే ఇది అందని మాట కాదు. అయినా బండి మరుగుతోందంటే ఆ గాలి కోరు గుండా రావట్లేదనే అర్థం.

ఇంకో మాట. ఇంజను మార్చడమంటే చేతికి రెంచీ తీసుకునే ముందు కాగితం పని ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో) ఉన్న వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, ఇంజను మార్పుకి రిజిస్ట్రేషన్ అధికారి ఆమోదం కావాలి. ఆర్‌సీలో ఇంజను నంబరు, ఇంధనం మారకుండా రోడ్డెక్కితే ఇన్సూరెన్సు నుంచి అన్నీ చిక్కులే. అది తేల్చుకున్నాకే రేడియేటర్ సంగతి.

ష్రౌడ్ దగ్గరికి వద్దాం. మెకానిక్కులు ఫ్యాను కవరు అంటారు, చాలామంది "చెయ్యి తెగకుండా" అనుకుంటారు. దాని అసలు పని వేరు. 400 మిల్లీమీటర్ల ఫ్యాను వైశాల్యం, పైన చెప్పిన కోరు వైశాల్యంలో 65 శాతమే. ష్రౌడ్ లేకపోతే ఫ్యాను ఎదురుగా ఉన్న గుండ్రటి భాగం పనిచేస్తుంది, నాలుగు మూలలు ఊరికే నిలబడతాయి. అంతకన్నా ఘోరం, ఫ్యాను రెక్కల చివర్ల నుంచి ఇంజను గదిలోని వేడి గాలే చుట్టూ తిరిగి మళ్లీ ఫ్యాను ముందుకి వచ్చేస్తుంది. నాలుగు వరసల కోరు వేస్తే ఇది మరీ పెరుగుతుంది. కోరు మందం పెరిగే కొద్దీ గాలికి అడ్డు పెరుగుతుంది, అడ్డు పెరిగే కొద్దీ గాలి పక్క సందులు వెతుక్కుంటుంది. ఆపైన మూడో వరస, నాలుగో వరస దగ్గరికి చేరేసరికి గాలి అప్పటికే వేడెక్కి ఉంటుంది. కొత్త వరస ఇచ్చే లాభం కన్నా అది తెచ్చే అడ్డే ఎక్కువైపోవచ్చు.

ష్రౌడ్‌ని 1.2 మిల్లీమీటర్ల జీఐ (జింకు పూత ఇనుము) రేకుతోనో, 1.5 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకుతోనో కట్టించొచ్చు. ముందు అట్టతో నమూనా చేసుకోండి, టీవీ డబ్బా అట్ట చాలు. కోరు నాలుగు అంచులనీ కప్పి, వెనక ఫ్యాను దగ్గర గుండ్రంగా మూసుకునేలా ఉండాలి. కోరుకీ ఫ్యానుకీ మధ్య కనీసం 25 మిల్లీమీటర్లు వదలండి, 50 నుంచి 75 ఉంటే గాలి కోరు మొత్తం మీద సమంగా పరుచుకుంటుంది. ఫ్యాను రెక్క వెడల్పులో సగం ష్రౌడ్ నోట్లో, సగం బయట ఉండాలి. పూర్తిగా లోపలికి దూరితే రెక్క పక్కలకి గాలిని విసరలేదు, పూర్తిగా బయట ఉంటే చివర్ల నుంచి వేడి గాలి వెనక్కి తిరుగుతుంది. ఇంజను మార్చిన జీపుల్లో ఫ్యాను కేంద్రం రేడియేటర్ మధ్యకి ఎప్పుడూ రాదు. ముందు డిఫరెన్షియల్ తగలకుండా, స్టీరింగ్ బాక్సు తగలకుండా ఇంజన్ని కాస్త పక్కకో కిందికో దించుతారు కాబట్టి ఫ్యాను మూలకి పోతుంది. కంగారు పడక్కర్లేదు, ష్రౌడ్ గుండ్రాన్ని ఆ మూలకే కోసుకోవచ్చు. అయితే వేడికి పట్టుకునే విస్కస్ కప్లింగ్ ఫ్యాను అయితే ఒక జాగ్రత్త. దాని ముందు భాగంలో ఉన్న బైమెటల్ చుట్టకి కోరు దాటి వచ్చిన వేడి గాలి తగిలితేనే అది గట్టిగా పట్టుకుంటుంది. ఆ కేంద్రం కోరు అంచు దాటి కిందికి పోయిందంటే ఫ్యాను ఎప్పుడూ సగం మనసుతోనే తిరుగుతుంది. అలాంటప్పుడు ఎలక్ట్రిక్ ఫ్యానే మేలు.

రెక్క చివరకీ ష్రౌడ్ అంచుకీ మధ్య ఎంత సందు? పుస్తకాల్లో తక్కువ చెబుతారు. పాత జీపులో మాత్రం 15 నుంచి 20 మిల్లీమీటర్లు వదలాలి. రేడియేటర్ చాసిస్ మీద ఉంటుంది, ఇంజను రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంది, చాసిస్ మెలిపడుతుంది. నిజంగా ఎంత కదులుతుందో తెలుసుకోవడానికి వినాయక చవితికి తెచ్చుకునే మట్టి చాలు. ష్రౌడ్ అంచు లోపల పైన, కింద, ఎడమ, కుడి నాలుగు చోట్ల గోలీ అంత ముద్దని రెక్క వైపు నొక్కి అంటించండి. ఇంజను స్టార్ట్ చేసి, ఆపి, మళ్లీ స్టార్ట్ చేయండి. హ్యాండ్ బ్రేకు వేసి మొదటి గేర్లో, రివర్స్‌లో క్లచ్చి కొంచెం వదిలి ఇంజన్ని ఇటూ అటూ మెలితిప్పండి. ఒక ముందు చక్రం, దాని ఎదురు మూల వెనక చక్రం అడుగు ఎత్తు దిమ్మల మీద ఎక్కించి మళ్లీ ఇదే చేయండి. ఆపి చూస్తే రెక్క ఎక్కడ ఎంత గోకిందో మట్టి మీద చాకుతో కోసినట్టు కనబడుతుంది. మిగిలిన మట్టి మందమే మీకు నిజంగా ఉన్న సందు. ఎక్కడైనా 6 మిల్లీమీటర్లకన్నా తక్కువ మిగిలితే అక్కడ రేకు వెనక్కి కొట్టించాలి, లేదా సాగిపోయిన ఇంజను మౌంటింగ్ మార్చాలి.

ఇక రేడియేటర్ పక్కల సందులు. జీపు గ్రిల్‌కీ రేడియేటర్‌కీ మధ్య పైన, పక్కల రెండేసి వేళ్లు దూరేంత ఖాళీ ఉండటం మామూలు. బండి కదులుతున్నప్పుడు ముందు నుంచి వచ్చే గాలికి కోరు అడ్డుగా ఉంటుంది, ఈ సందులు ఖాళీగా ఉంటాయి. గాలి ఎటు పోతుందో చెప్పక్కర్లేదు. బండి ఆగి ఉన్నప్పుడు ఇదే సందు నుంచి రివర్స్‌లో ఇంజను వేడి గాలి ముందుకి వచ్చి మళ్లీ కోరులోకే దూరుతుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక అగరొత్తి కావాలి. గాలి లేని చోట, బానెట్ వేసి, ఇంజను ఐడిల్లో ఉంచి, ఫ్యాను తిరుగుతుండగా గ్రిల్ సందుల్లోంచి అగరొత్తిని రేడియేటర్ అంచు దగ్గరికి తీసుకెళ్లండి. కోరు ముందు పొగ తిన్నగా ఫిన్నుల్లోకి పోవాలి. అంచు దగ్గర పొగ మీ వైపు తోసుకొస్తే, లేదా సుడి తిరిగి పక్క నుంచి కోరు మీదికి వంగితే, అక్కడ వేడి గాలి తిరగబడుతోంది. ఆ చోటుని చాక్‌పీస్‌తో గుర్తు పెట్టి, రేకు పట్టీ, దాని అంచున తలుపులకి వాడే రబ్బరు బీడింగు పెట్టించండి. మెత్తటి సీటు స్పాంజి వద్దు, అది నీళ్లు తాగి, ఉప్పు పట్టి, కింద రేకుని తినేస్తుంది. నీళ్లు తాగని గట్టి ఫోమ్ అయితే సరే. ఈ పనికి అరపూట చాలు. వైజాగ్‌లో ఇంజను మార్చిన బండి ప్రతి ఒక్కదానికీ మొదట చేయాల్సిన పని ఇదేనని నా అభిప్రాయం.

వచ్చిన గాలి పోవాలి కూడా. టర్బో, దాని గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ పైపులు, ఏసీ కంప్రెసర్ అన్నీ కలిసి పాత జీపు ఇంజను గదిని కిక్కిరిసేలా చేస్తాయి. పైగా కింద పూర్తి రేకు గార్డు బిగిస్తే గాలి బయటికి పోయే ఆఖరి దారి మూసినట్టే. గార్డుకి వెనక వైపు వంపుతో చీలికలు కొట్టించండి, చక్రాల పైనున్న లోపలి రేకులకి లూవర్లు (గాలి పోయే వంపు చీలికలు) కొట్టించండి. బానెట్ వెనక ఎత్తే పని మాత్రం వద్దు. జీపు అద్దం నిటారుగా ఉంటుంది, వేగం మీద అద్దం మొదట్లో గాలి ఒత్తిడి పెరుగుతుంది. అక్కడ సందు పెడితే ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వేడి కాస్త పోతుంది గానీ, ఆనందపురం రోడ్డు మీద 70లో వెళ్తుంటే ఆ సందులోంచి గాలి ఇంజను గదిలోకి దూరి, కోరు దాటి వచ్చే గాలికి ఎదురు నిలబడుతుంది.

ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టేవాళ్లు చేసే తప్పులు మూడు. చిన్న కారు ఫ్యాను పెట్టడం మొదటిది. 16 అంగుళాల ఫ్యాను డబ్బా మీద రాసిన గాలి అంకె ఎదురుగా అడ్డేమీ లేనప్పటిది. ముందు ఏసీ కండెన్సర్, ఇంటర్‌కూలర్, తర్వాత కోరు వస్తే ఆ అంకెలో చాలా భాగం ఎగిరిపోతుంది. రెండోది, సన్న వైరు. పెద్ద ఫ్యాను 25 నుంచి 30 ఆంపియర్లు లాగుతుంది, స్టార్ట్ అయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. 6 చదరపు మిల్లీమీటర్ల వైరు, 40 ఆంపియర్ల రిలే, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు. ఎర్తు వైరు తిన్నగా ఇంజను బ్లాకుకో బ్యాటరీకో పోవాలి, రేడియేటర్ రేకుకి ఎప్పుడూ కాదు. మూడోది, కోరు గుండా ప్లాస్టిక్ కడ్డీలు దూర్చి ఫ్యాను కట్టడం. జీపు అదురుకి ఆ కడ్డీ నెలల్లోనే గొట్టాన్ని రంపంలా కోసేస్తుంది. ఫ్యాను ష్రౌడ్‌కి, ష్రౌడ్ రేడియేటర్ పక్క పట్టీలకి బిగించాలి. బిగించాక గ్రిల్ మీద ఒక కాగితం పెట్టండి, అతుక్కుని నిలబడాలి. కాగితం ఎగిరిపోతే వైర్లు తారుమారయ్యాయి, ఫ్యాను ఎదురు తిరుగుతోంది. బెల్టు ఫ్యాన్లలోనూ ఈ పొరపాటు జరుగుతుంది. పాత ఇంజను ఫ్యాను రెక్కల్ని, బెల్టు వీపుతో పంపు తిప్పే కొత్త ఇంజనుకి బిగిస్తే తిరిగే దిక్కే వేరు. వాగులు దాటే బళ్లకి ఎలక్ట్రిక్ ఫ్యానుని డాష్‌బోర్డు మీద నుంచి ఆపే స్విచ్చి తప్పనిసరి. నీళ్లలో తిరిగే రెక్క ముందుకి వంగి కోరుని తొలిచేస్తుంది.

కోరు ఎంచుకునేటప్పుడు వరసలు లెక్కపెట్టడం మానేసి ఫిన్నులు లెక్కపెట్టండి. మట్టిలో, గడ్డిలో తిరిగే బండికి అంగుళానికి 10 నుంచి 12 ఫిన్నులు చాలు. 16, 18 ఉన్న కార్ల కోరు కొత్తప్పుడు బాగానే పనిచేస్తుంది, పాడేరు వైపు ఒక వర్షాకాలం తిరిగితే బురద పట్టి ఇటుకలా తయారవుతుంది. పోర్టు వైపు రోజూ తిరిగే బండికి బొగ్గు ధూళి, నూనె కలిసి ఫిన్నుల మధ్య తారులా పేరుకుంటుంది. కడిగేటప్పుడు నీళ్లు ఇంజను వైపు నుంచి ముందుకి, మామూలు పైపుతో కొట్టాలి. సర్వీసింగ్ షెడ్డులో ప్రెషర్ గన్నుతో కొడితే ఫిన్నులన్నీ పక్కకి పడుకుంటాయి. యారాడ, రుషికొండ ఇసుకలో తిరిగొచ్చిన రోజు మాత్రం వాయిదా వేయకుండా మంచి నీళ్లతో కడగాలి.

రాగి-ఇత్తడా, అల్యూమినియమా? రాగిది బరువు, కానీ ఏ ఊళ్లో పగిలినా సోల్డరింగ్ పెట్టేవాళ్లు దొరుకుతారు. అల్యూమినియం తేలిక, 25 లేదా 32 మిల్లీమీటర్ల వెడల్పు గొట్టాలుండే రెండు వరసలదే సన్న గొట్టాల నాలుగు వరసల దానికి సాటి వస్తుంది, గాలికి అడ్డు తక్కువ. కానీ పగిలితే టిగ్ వెల్డింగ్ తెలిసినవాళ్లే చేయాలి, ఉప్పు గాలిలో ఇనుప బ్రాకెట్‌ని నేరుగా తాకితే అక్కడ తెల్లటి పొడిగా రాలిపోతుంది. సముద్రం పక్కనే రోజూ ఉండే బండికి నేను రాగి-ఇత్తడిదే చెబుతాను. అల్యూమినియం వేస్తే ప్రతి బ్రాకెట్ దగ్గర రబ్బరు తప్పనిసరి.

పాత రేడియేటర్ ట్యాంకులు తక్కువ ఒత్తిడికి చేసినవి. కొత్త ఇంజను మూత 0.9 నుంచి 1.1 బార్ పట్టి ఉంచుతుంది, పాత ట్యాంకు మీద ఆ మూత బిగిస్తే మొదటి ఘాట్‌లోనే టంకం అతుకులు విచ్చుకుంటాయి. కోరు కట్టించినప్పుడే 1.5 బార్ గాలి పెట్టి నీళ్ల తొట్టిలో 10 నిమిషాలు ముంచి, ఎక్కడా బుడగ రాలేదని మీ కళ్లతో చూసి తెచ్చుకోండి. తక్కువ ఒత్తిడి మూతతో సరిపెట్టేద్దామని అనుకోవద్దు. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు, అక్కడ మూత లేని నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. 0.9 బార్ మూత ఉంటే అక్కడే 117 దాకా ఆగుతాయి. తేడా 20 డిగ్రీలు, అది మీ సిలిండర్ హెడ్డు ప్రాణం.

రేడియేటర్‌ని నాలుగు బోల్టులతో గట్టిగా బిగించడం ఇంకో పెద్ద తప్పు. నిచ్చెన చాసిస్ గోతుల్లో మెలిపడుతుంది, ఆ మెలి అంతా కోరులోకి వెళ్లి గొట్టం ట్యాంకుతో కలిసే చోట పగుళ్లు వస్తాయి. కింద రెండు చోట్ల 10 నుంచి 12 మిల్లీమీటర్ల రబ్బరు మెత్తల మీద కూర్చోబెట్టి, బోల్టు రబ్బరుని నలిపేయకుండా నైలాక్ నట్టు వేసి ఆపండి. పైన ఒక్క కడ్డీ, ఫైర్‌వాల్ (ఇంజనుకీ డ్రైవరుకీ మధ్యనుండే రేకు గోడ) నుంచి, రెండు చివర్లా రబ్బరు బుష్షుతో. పాత జీపుల్లో ఈ కడ్డీ మొదటి నుంచీ ఉండేది, ఇంజను మార్చేటప్పుడు అడ్డొస్తోందని కోసేస్తారు. దాన్ని తిరిగి పెట్టుకోండి.

నీళ్ల వైపు అసలు చిక్కు ఎత్తులో ఉంటుంది. కొత్త ఇంజను హెడ్డు పైపు చాలాసార్లు పాత రేడియేటర్ మూతకన్నా పైకి వస్తుంది. అప్పుడు గాలి అక్కడే చిక్కుకుపోతుంది, సెన్సరుకి నీళ్లు తగలక ముల్లు చల్లగా చూపిస్తుంది, లోపల హెడ్డు కాలిపోతుంది. మందు ఒకటే. అన్నిటికన్నా పైన, ఫైర్‌వాల్ మీద, రెండు లీటర్ల ఒత్తిడి ట్యాంకు పెట్టి, మూత దాని మీదే ఉంచాలి. ట్యాంకు అడుగు నుంచి 16 లేదా 19 మిల్లీమీటర్ల పైపు పంపు లాగే వైపుకి, హెడ్డు పైనుంచీ రేడియేటర్ పైనుంచీ సన్నటి 6 మిల్లీమీటర్ల పైపులు ట్యాంకు పై భాగానికి. రేడియేటర్ మీది పాత మూత చోట ఒత్తిడి వదలని గట్టి మూత బిగించేయాలి. నింపేటప్పుడు ముందు చక్రాలు అడుగు ఎత్తు ఎక్కించి, ఇంజన్ని నిమిషానికి 1,500 చుట్ల మీద ఉంచి, ఇంకా చల్లగా ఉండగానే పై హోస్‌ని చేత్తో నొక్కుతూ బుడగలు ఆగేదాకా పోయండి. మొత్తం 9 లీటర్లు పట్టే చోట వేడికి అర లీటరు దాకా పొంగుతుంది, ట్యాంకులో ఆ ఖాళీ ఉండాలి.

మన ఊళ్లో హీటర్ ఎవరికి కావాలని ఆ రెండు పైపులకీ బిరడాలు కొట్టేస్తారు. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్‌కి వేడి కబురు తీసుకెళ్లేది ఆ దారే. బిరడాలు కొట్టకుండా రెండిటినీ ఒక హోస్‌తో కలిపేయండి. థర్మోస్టాట్ తీసేయడం ఇంకా పెద్ద పొరపాటు. రెండు పళ్లాలున్న థర్మోస్టాట్‌లో ఒక పళ్లెం రేడియేటర్ దారి తెరుస్తుంటే రెండోది బైపాస్ దారి మూస్తుంది. దాన్ని పీకేస్తే బైపాస్ ఎప్పటికీ తెరిచే ఉంటుంది, వేడి నీళ్లలో సగం రేడియేటర్ మొహం చూడకుండానే ఇంజనులోకి వెళ్లిపోతాయి. "నీళ్లు నెమ్మదిగా పోతే బాగా చల్లారతాయి" అన్న మాట కూడా నిజం కాదు. నీళ్లు ఎంత జోరుగా తిరిగితే కోరు మొత్తం అంత వేడిగా ఉంటుంది, గాలికి అంత వేడి ఇస్తుంది.

జీఐ పైపు ముక్క, రెండు క్లిప్పులు వేసి హోస్‌లు అతకడం చూస్తూనే ఉంటాం. పైపు చివర ఉబ్బెత్తు గీత లేకపోతే ఘాట్ మధ్యలో హోస్ జారి ఊడిపోతుంది. స్టెయిన్‌లెస్ పైపు తీసుకుని లేతు మీద చివర బీడు కొట్టించండి. కింది హోస్‌ని పంపు పీల్చుకుంటుంది, లోపల స్ప్రింగ్ లేకపోతే 3,000 చుట్లు దాటగానే చదునైపోతుంది. ఐడిల్లో చూస్తే అంతా బాగానే ఉంటుంది కాబట్టి ఒకరు యాక్సిలరేటర్ తొక్కుతుంటే ఇంకొకరు కింది హోస్ మీద టార్చి వేసి చూడాలి.

సముద్రం దగ్గరి బోరు నీళ్లు పోయొద్దు. డీమినరలైజ్డ్ నీళ్లలో 40 శాతం ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్ చాలు, లంబసింగి చలిలో కూడా అది గడ్డకట్టదు. ఆకుపచ్చది, గులాబీది కలపొద్దు, కలిపితే లోపల జిగురులా తేలి సన్న గొట్టాల్ని మూసేయొచ్చు. నింపాక మల్టీమీటర్ నెగటివ్ వైరుని బ్యాటరీ నెగటివ్‌కి, పాజిటివ్ వైరుని కూలెంట్‌లో ముంచి, లైట్లు, ఫ్యాను, హారన్ వేస్తూ చూడండి. 0.3 వోల్టు దాటిందంటే ఎక్కడో ఎర్తు పాడై కరెంటు కూలెంట్ గుండా పోతోంది, అది ఎంత మంచి కోరునైనా తినేస్తుంది.

ఇవన్నీ అయ్యాక కూడా ముల్లు పైకే పోతుంటే ఊహలు మానేసి కొలవండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ చాలు, కాకపోతే మెరిసే ఇత్తడి, అల్యూమినియం మీద అది తక్కువ చూపిస్తుంది కాబట్టి రేడియేటర్ పై ట్యాంకుకీ కింది ట్యాంకుకీ నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీదే చూడాలి. లోడు మీద రెండిటికీ తేడా 6 నుంచి 10 డిగ్రీలుంటే మామూలే. తేడా 15 దాటిందంటే నీళ్లు సరిగా తిరగట్లేదు: చదునైన హోస్, మూసుకున్న గొట్టాలు, జారే బెల్టు, సరిగా తెరుచుకోని థర్మోస్టాట్. తేడా మూడు నాలుగే ఉండి రెండూ వేడిగా ఉంటే నీళ్లు బాగానే తిరుగుతున్నాయి, గాలే లేదు. మళ్లీ అగరొత్తి తీయండి. గాజువాక జంక్షన్‌లో ఆగినప్పుడు వేడెక్కి, హైవే మీద చల్లారితే ఫ్యాను, ష్రౌడ్. ట్రాఫిక్‌లో చల్లగా ఉండి 80లో వేడెక్కితే కోరు, నీళ్లు, లేదా బయటికి పోయే దారి. సముద్రపు గాలి వెనక నుంచి తోస్తున్నప్పుడు మాత్రమే వేడెక్కితే పక్క సందులు ఇంకా మిగిలి ఉన్నాయి.

ఏసీ, ఇంటర్‌కూలర్ ఉన్నవాళ్లకి ఒక చేర్పు. ఇంటర్‌కూలర్‌ని కోరు మొత్తానికి అడ్డం పెట్టకుండా కింది సగానికే పెట్టండి, మధ్యలో 15 నుంచి 20 మిల్లీమీటర్ల సందు వదిలి ఆ సందు పక్కల్ని రేకుతో మూయండి. మూయకపోతే గాలి రెండిటి మధ్య నుంచే పక్కకి జారిపోతుంది.

పరీక్షకి మొదటి రోజే అరకు వద్దు. బానెట్ వేసి ఎండలో అరగంట ఐడిల్, తర్వాత మధ్యాహ్నం బీచ్ రోడ్డు మీద రెండో గేర్లో నత్తనడక, తర్వాత సింహాచలం కొండ. ఈ మూడింటిలో ముల్లు ఒకేచోట నిలబడితే అప్పుడు అనంతగిరి. బండిలో 5 లీటర్ల కలిపిన కూలెంట్, ఒక పై హోస్, ఒక బెల్టు, ఒక మూత, మందపాటి గుడ్డ ఉంచుకోండి. దారిలో వేడెక్కితే ఇంజను ఆపకుండా పక్కకి తీసి, లోడు లేకుండా 1,200 చుట్ల మీద నడవనివ్వండి. మూత జోలికి మాత్రం కనీసం అరగంట వెళ్లొద్దు. ఆవిరి కక్కేస్తుంటే, కూలెంట్ కారిపోతుంటే మాత్రం వెంటనే ఆపేయాలి.

తిరిగొచ్చిన మర్నాడు పొద్దున, ఇంజను చల్లగా ఉండగా, ప్రతి హోస్ క్లిప్పుని అర చుట్టు బిగించండి. కొత్త రబ్బరు మొదటి వేడికి కుదించుకుంటుంది. ట్యాంకులో మట్టం గుర్తు పెట్టి, ష్రౌడ్ అంచున మట్టి ముద్దలు మళ్లీ అంటించి మరోసారి చూడండి. మౌంటింగులు సర్దుకున్నాక సందు మొదటి రోజున్నంత ఉండదు.